ఎర్ర పీపాల అవతల

వంతెన పని మొదలైన కొద్ది రోజులకే ఆమె అసలు పేరు అందరూ మరిచిపోయారు. క్రేను మోసే బల్లపరుపు పడవ, బార్జి, దాని మీద వెల్డరు నుంచి వంటాయన దాకా అందరికీ ఆమె ఆపమ్మ. పని ఆపించే మనిషి కాబట్టి ఆపమ్మ. మొదట్లో చాటుగా అనేవాళ్లు, తర్వాత ఎదురుగానే అనడం మొదలుపెట్టారు. ఆమె కూడా కొన్నాళ్లు ముఖం ముడుచుకుని, అందరి నోళ్లూ మూయించలేక, పలకడం అలవాటు చేసుకుంది.

ఆమె ఉద్యోగం చెప్పుకుంటే నవ్వొచ్చేలా ఉంటుంది. సముద్రానికీ లోపలి అఖాతానికీ మధ్య సన్నటి నీటిదారి ఒకటి ఉంది. ఊళ్లో దాన్ని గొంతు అంటారు. ఆ గొంతుకి అడ్డంగా వంతెన కడుతున్నారు. నీళ్లలో ఇనుప స్తంభాలు నిలబెట్టి, క్రేనుకి వేలాడే పెద్ద సుత్తితో వాటి నెత్తిన కొట్టి నేలలోకి దింపుతారు. ఆ దెబ్బ గట్టు మీద నిలబడ్డ మనిషికే గుండెల్లో తగులుతుంది. నీళ్లలో చెవుల మీద ఆధారపడి బతికే డాల్ఫిన్‌కి ఎలా ఉంటుందో వేరే చెప్పాలా. అందుకని బార్జి చుట్టూ దూరంగా ఎర్ర పీపాలు తేలేలా వేసి ఒక గీత కట్టారు. ఆ సన్నటి గొంతులో గీత దాటకుండా పోయే దారి లేదు. గీత లోపల డాల్ఫిన్ కనిపిస్తే సుత్తి ఆగాలి. అరగంట పాటు ఏదీ కనిపించకపోతే మళ్లీ కొట్టొచ్చు. కనిపించిందో లేదో చెప్పడానికి క్యాబిన్ కప్పు మీద, గొడుగు కింద, మెడలో బైనాక్యులర్‌తో ఆపమ్మ.

ఆ పొద్దున వాకీటాకీలో సుత్తి పని నడిపే మేస్త్రీ పలికాడు. "ఆపమ్మా, ఏం సంగతి? ఉన్నాయా, లేవా?"

ఆమె తొందరపడదు. ముందు ఉత్త కళ్లతో ఎడమ నుంచి కుడికి ఒకసారి చూస్తుంది. తర్వాత బైనాక్యులర్‌తో అదే దారిలో, దున్నుతున్నట్టు చాలు వెంట చాలు. రెక్క కోసం వెతికితే రెక్క దొరకదు. అల తీరు మారిన చోటు చూడాలి, పక్షులు ఒక్కచోట దిగుతున్నాయా అని చూడాలి, ఎండ పడి మెరిసే చోట ఇంకాస్త ఎక్కువసేపు కన్ను ఆపాలి. అన్నీ అయ్యాక, "లేవండీ," అంది.

"శుభం," అన్నాడు మేస్త్రీ.

సుత్తి ముందు మెల్లగా నాలుగు దెబ్బలు కొట్టింది. దగ్గర్లో ఏవైనా ఉంటే తప్పుకోవడానికి వ్యవధి ఇవ్వాలని అదొక నియమం. తర్వాత అసలు దెబ్బలు పడ్డాయి. కప్పు రేకు, ఆమె కుర్చీ, సీసాలో నీళ్లు, అన్నీ కలిసి అదిరాయి.

లేవన్న మాట నిజమే. కానీ ఎందుకు లేవో ఆమెకి తెలుసు, అదే ఆమె ప్రాణం తీస్తోంది. పొద్దున్నే లాంచీలో వస్తూ చూసింది. గొంతు బయట, సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండకొమ్ము పక్కన, మంద మొత్తం అక్కడే తిరుగుతోంది. కొన్నాళ్లుగా అక్కడే తిరుగుతోంది. ఏటా గాలి మళ్లే ఈ రోజుల్లో బయటి నుంచి చల్లనీళ్లు తీరం వెంట పాకి వస్తాయి. ఆ చల్లదనంతో పాటు చిన్నచేప గుంపులు గుంపులుగా గొంతులోంచి లోపలికి దూరుతుంది, గుడ్లు పెట్టడానికి. చేప వెనకాల డాల్ఫిన్లు. తిండి ఒక్కటే కాదు. లోపల నీళ్లు నిలకడగా ఉంటాయి, లోతు తక్కువ, సొరచేపలు అంతగా రావు. కొత్తగా ఈనిన తల్లులు పిల్లలకి పాలిచ్చుకుంటూ వేడి ముదిరేదాకా అక్కడే ఉండి, చేప బయటికి మళ్లినప్పుడు దాని వెంటే పోతాయి. ఈ దారి వాటికి ఎవరూ గీసి ఇవ్వలేదు. ముందు నడిచే ముసలి ఆడది తన తల్లి పక్కన ఈదుతూ నేర్చుకుంది. వెనకున్నవి దాని పక్కన నేర్చుకుంటున్నాయి. పుట్టింటి దారి ఆడదానికి ఒకరు చెప్పాలా ఏమిటి.

ఈ ఏడు ఆ దారిలో సుత్తి ఉంది. సుత్తి మోగుతుంటే అవి గీత దాకా రావు. గీత లోపలికి రావు కాబట్టి ఆమె లేవంటుంది. ఆమె లేవంటుంది కాబట్టి సుత్తి మోగుతుంది. కూర్చున్న కొద్దీ ఇదే ఆలోచన గానుగెద్దులా తిరిగేది.

మధ్యాహ్నం భోజనాల వేళ మేస్త్రీ నిచ్చెనెక్కి పైకి వచ్చాడు. భారీ మనిషి, రెండు గ్లాసుల టీ పట్టుకుని ఒలక్కుండా నిచ్చెనెక్కడం ఆయనకి గొప్ప. ఒకటి ఆమెకిచ్చి, రెండోది తను తాగుతూ కొండకొమ్ము వైపు చూశాడు.

"అక్కడేనా ఉన్నాయి?"

"అక్కడే."

"ఇంత సముద్రం ఉంది కదమ్మా. ఈ సందులోంచే రావాలని వాటికేం పట్టుదల?"

"ఊళ్లో ఇన్ని ఇళ్లున్నాయి. సాయంత్రం మీరు మీ ఇంటికే ఎందుకు పోతారు?"

మేస్త్రీ నవ్వాడు. "పోకపోతే మా ఆవిడ ఊరుకోదు."

ఆమెకి నవ్వు రాలేదు. "ఒక్కరోజు ఆపండి మేస్త్రీ గారూ. పొద్దున్నుంచి సాయంత్రం దాకా. చప్పుడు లేకపోతే వాటంతట అవే లోపలికి పోతాయి. లోపల కొండ మలుపు తిరిగితే ఈ మోత అంతగా వినపడదు. మళ్లీ బయటికి వచ్చే రోజులకి మన స్తంభాలు అయిపోతాయి. ఒక్కరోజు."

ఆయన టీ గ్లాసు అడుగు దాకా తాగి, మిగిలిన మడ్డిని నీళ్లలోకి విసిరాడు. "నువ్వు ఉన్నాయను, ఆపేస్తా. ఎన్నని కూడా అడగను. లేవు అంటూ ఆపమంటే మాత్రం నా చేతుల్లో లేదమ్మా. గీత లోపలి సంగతి నీది. గీత బయటి సంగతి దేవుడిది."

ఆ మాట అనేసి ఖాళీ గ్లాసులు తీసుకుని దిగిపోయాడు.

ఇంటికి వచ్చేసరికి అత్తగారు గుమ్మం పక్క కుర్చీలో వెనక్కి వాలి ఉంది. ఆవిడకి మూత్రపిండాలు పనిచేయవు. గొంతు అవతలి గట్టున ఉన్న ఆసుపత్రికి వెళ్లి, రక్తాన్ని యంత్రంలో శుభ్రం చేయించుకుని రావాలి. వెళ్లేటప్పుడు లాంచీ కోసం గట్టు మీద ఎదురుచూపు, వచ్చేటప్పుడు ఓపిక లేకుండా మళ్లీ ఎదురుచూపు. చేతికి సూదులు గుచ్చిన చోటంతా నల్లగా కమిలి ఉంటుంది. భర్త పడవ పని మానేసి పొద్దున ఆవిడ్ని తీసుకెళ్లి తీసుకొచ్చాడు. ఇప్పుడు నేల మీద కూర్చుని చిరగని వలనే మళ్లీ బాగుచేస్తున్నాడు. అఖాతం లోపల చేపలు పట్టడం అతని పని. కొన్నాళ్లుగా వల తడుస్తోంది, అంతే.

"వంతెన దెబ్బకి చేప బెదిరిపోయింది," అన్నాడు. "అడుక్కి దిగి అక్కడే నక్కింది. మీ సుత్తి ఆగితే గాని పైకి రాదు."

ఊళ్లో అందరిదీ అదే మాట. ఈ మధ్య పాలు విరిగినా వంతెన మీదే పెడుతున్నారు. ఈ మాట మాత్రం ఆమెకి సబబుగానే అనిపించింది. లోపల చేప ఉంది, బయట ఆకలి ఉంది, మధ్యలో సుత్తి ఉంది.

"భలే సంసారం," అంది అత్తగారు కళ్లు తెరవకుండానే. "కొడుకు చేపల్ని పడతాడు, కోడలు చేపలకి కాపలా కాస్తుంది."

"అవి చేపలు కావత్తయ్యా. పాలిచ్చి పెంచుతాయి."

"చెప్పావులే వందసార్లు." ఆవిడ కళ్లు తెరిచి కోడలి చెయ్యి పట్టుకుంది. "ఇవాళ గట్టు మీద కూర్చుని కూర్చుని కళ్లు తిరిగాయే. ఆ వంతెనేదో తొందరగా కానివ్వరాదూ. నువ్వు ఒక పూట అటు చూడకపోతే కొంపలేం మునగవు."

సగం వేళాకోళంగా అన్న మాటే. ఆ కమిలిన చెయ్యిని ఆపమ్మ రెండు చేతుల్లోకీ తీసుకుంది. ఆ వంతెన తనకీ కావాలి. రేపే కావాలి. అలాగని ఆ తల్లుల్ని మరిచిపోవడం ఎలాగో తెలియలేదు.

మర్నాడు పని మొదలుపెట్టకముందే మంద గీత దాకా వచ్చింది. ముసలి ఆడది ముందు, దాని వీపు రెక్క కొస విరిగి ఉంటుంది కాబట్టి ఎంత దూరం నుంచైనా గుర్తుపట్టొచ్చు. వెనకాల మిగతావి. అందులో ఒక తల్లి పక్కన చిన్నది ఒకటి అంటిపెట్టుకుని ఉంది. కడుపులో ముడుచుకుని ఉన్నప్పటి మడతల గీతలు దాని ఒంటి మీద ఇంకా చెరగలేదు. పుట్టి ఎక్కువ రోజులు కాలేదన్నమాట. తోక పెద్దగా ఆడించకుండా తల్లి ఈదే ఊపులోనే అదీ సాగుతోంది.

గీతకి అవతలే ఉన్నాయి. ఆమె వాటినే చూసింది. రండి, ఇంకొంచెం, అనుకుంది. వాకీటాకీ గరగరమంది.

"ఆపమ్మా, మొదలుపెట్టమంటావా?"

"లేవు," అంది. ఇంకేమంటుంది.

మెల్లటి దెబ్బలు పడ్డాయి. మొదటి దెబ్బకే మంద చెదిరింది. తల్లి ఒక్కసారిగా వెనక్కి తిరిగింది. చిన్నదానికి ఆ మలుపు తెలియలేదు, తల్లి ఊపులోంచి జారిపోయి, ఒక్కతే, గీత వైపే ఈదింది. తల నీళ్లమీదికి ఎత్తి ఎత్తి ఎటు పోవాలో తెలియక తిరుగుతుంటే తల్లి వెనక్కి వచ్చి దాన్ని ఒంటితో తోసుకుంటూ తీసుకుపోయింది. కొండకొమ్ము దాకా ఆగకుండా పోయాయి.

ఆపమ్మ బొత్తాం నొక్కింది. "ఉన్నాయి. గీత లోపల. ఆపండి."

సుత్తి ఆగింది. ఈ ఉద్యోగంలో ఆమె అబద్ధం చెప్పడం అదే మొదలు. అరగంట తర్వాత మేస్త్రీ అడిగాడు. ఉన్నాయంది. ఇంకో అరగంటకి అడిగాడు. ఉన్నాయంది. తర్వాత్తర్వాత నోరు దానంతట అదే చెప్పుకుపోయింది. ఒకసారి మేస్త్రీ డెక్ మీద నిలబడి, కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని ఖాళీ నీళ్లని చాలాసేపు చూశాడు. తల ఎత్తి ఆమెని చూశాడు. క్యాబిన్ నీడలోకి పోయి కూర్చున్నాడు. క్రేన్ ఆపరేటరు తన గూట్లో కాళ్లు బారజాపి గుర్రు పెట్టాడు. వెల్డరు ఎన్నాళ్లకో గడ్డం గీసుకోవడానికి కూర్చున్నాడు.

ఎండ వాలుతుండగా వచ్చాయి.

ముసలిది ముందు ఒంటరిగా గీత దాటి వచ్చింది. బార్జికి కొంత దూరంలో ఆగి, మునిగి, అవతల తేలింది. వెనక్కి పోయింది. పోయి, ఈసారి అందర్నీ వెంటబెట్టుకుని వచ్చింది. ఊపిరి వదులుతున్న చప్పుళ్లు ఒకదాని వెంట ఒకటి వినిపించాయి. "ఉన్నాయి," అంది ఆపమ్మ వాకీటాకీలో, ఎవరూ అడక్కుండానే. ఆ రోజు అన్న 'ఉన్నాయి'లన్నిటిలో అది ఒక్కటే నిజం.

ఆపరేటరు గూట్లోంచి తల బయట పెట్టాడు. వంటాయన చేతిలో గరిటెతోనే అంచు దాకా వచ్చాడు. తల్లీ పిల్లా బార్జికి ఎంత దగ్గరగా పోయాయంటే, పిల్ల ఒంటి మీది మడతలు బైనాక్యులర్ లేకుండానే కనిపించాయి. "ఒరే, చంటిది," అన్నాడు వెల్డరు, సగం గీసిన గడ్డంతో. గొంతు దాటి, లోపలి కొండ మలుపు తిరిగి, ఒకటొకటే కనుమరుగయ్యాయి. ఆపమ్మకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఎవరైనా చూస్తారేమోనని బైనాక్యులర్ కళ్ల నుంచి తియ్యలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో అడుగుపెడుతూనే అత్తగారికి చెప్పింది. అబద్ధం సంగతి కాదు, అవి లోపలికి పోయిన సంగతి. అత్తగారు కూడా చిన్నదాని గురించి రెండుసార్లు చెప్పించుకుంది. భోజనానికి కూర్చున్నాక భర్త చెయ్యి కంచంలో పెట్టి ఏదో ఆలోచిస్తున్నాడు.

"ఇవాళ రోజంతా చప్పుడు లేదు కదా," అన్నాడు చివరికి. "చేప పైకొస్తుందని ఉన్న చోటల్లా వల వేశాను. కొండ మలుపు దాటి ఆ కొస దాకా పోయాను. ఒక్కటి లేదు."

"రేపు వస్తాయేమో."

"ఉంటేగా రావడానికి. బెదరడం కాదే. అసలు లోపల చేప లేదు. ఆ కొసన నీళ్లలో చెయ్యి పెడితే గోరువెచ్చగా తగిలాయి. ఈ ఏడు లోపలి నీళ్లు ముందే కాగాయి. చేప ఎప్పుడో బయటికి మళ్లిపోయి ఉంటుంది. మనమంతా వంతెనని తిట్టుకుంటూ కూర్చున్నాం, అంతే."

ఆపమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. గొంతు దగ్గర ఆటుపోటుకి నీళ్లు ఎప్పుడూ చల్లగానే తగులుతాయి. తను రోజూ అక్కడే కూర్చుంటుంది. లోపలి కొసన నీళ్లెలా ఉన్నాయో ఎవరినీ అడగలేదు. అడగాలని కూడా తోచలేదు, కారణం అందరికీ తెలిసినదే కదా అనుకుంది.

"మరి అవి ఎందుకు వచ్చాయి?" అంది.

"ఏవి?"

ఆమె గరిటె గిన్నెలో పెట్టేసింది. ఏటా వస్తాయి కాబట్టి వచ్చాయి. ముసలిదానికి తల్లి నేర్పిన దారి అది. దారి గుర్తుంటుంది గాని, దారి చివర ఈసారి తిండి లేదని దానికి ఎవరు చెబుతారు. తలుపు తీసి ఖాళీ ఇంట్లోకి పిలిచింది తనే.

మర్నాడు భర్త ఇంకో ఇద్దరితో కలిసి కొండకొమ్ము దాటి తీరం వెంట చాలా దూరం పోయాడు. పడవ నిండా చిన్నచేపతో తిరిగొచ్చాడు. బయట చల్లనీళ్ల వెంట గుంపులు ఇంకా పైపైకి పోతున్నాయని, రేపూ పోతామని చెప్పాడు. ఎన్నాళ్లకో ఆ ఇంట్లో నవ్వులు వినిపించాయి. నవ్వని మనిషి ఆమె ఒక్కతే.

అదే రోజు బార్జి మీదికి కెమెరా వచ్చింది. రోజంతా పని ఆగిందంటే పైఆఫీసులో ఊరుకోరు కదా. ఇకనుంచి ఆమె ఉన్నాయన్నప్పుడల్లా కెమెరాలో కూడా కనిపించాలి. గీత మీదికే గురిపెట్టి, మేస్త్రీ స్వయంగా క్యాబిన్ పక్క గుంజకి బిగించాడు. బోల్టులు బిగిస్తున్నంతసేపూ ఆమె వైపు చూడలేదు.

లోపలికి పోయినవి రెండోనాటికే వెనక్కి వచ్చాయి. ఇప్పుడు కొండకొమ్ము వైపు కాదు, లోపలి వైపు. గీతకి అవతల, సుత్తి మోగినంతసేపూ దూరంగా తిరుగుతూ, ఆగినప్పుడు కాస్త దగ్గరికి జరుగుతూ. మధ్యాహ్నం భోజనాలకి సుత్తి ఆగినప్పుడు ముసలిది గీత దాటింది. ఆమె "ఉన్నాయి" అని గట్టిగా చెప్పింది. కెమెరాలో కూడా పడింది. భోజనాలయ్యాక కూడా పని మొదలు కాలేదు. కానీ మిగతావి రాలేదు. ముసలిది గొంతు సగం దాకా వచ్చి, వెనక్కి తిరిగి, వాటి దగ్గరికే పోయింది. అరగంట గడిచింది. సుత్తి లేచింది.

ఆ తర్వాత అది కూడా గీత దాటలేదు.

రోజులు గడిచేకొద్దీ ఆమెకి కనిపించినవి ఇంకెవరికీ కనిపించనివి. తిండి తిన్న డాల్ఫిన్‌కి తల వెనక నున్నగా, గుండ్రంగా ఉంటుంది. తల్లికి అక్కడ సొట్ట పడింది. మొదట వెలుగు అలా పడిందేమో అనుకుంది. మర్నాడు ఇంకా లోతుగా కనిపించింది. చిన్నది మాత్రం పొట్ట కిందికి దూరుతూనే ఉంది, పాల కోసం.

ఇంటి దగ్గర అన్నం ముందు కూర్చుని తినకుండా లేస్తుంటే అత్తగారు మళ్లీ కూర్చోబెట్టింది. "ఏమైందే?"

"నేనే రానిచ్చానత్తయ్యా. లోపల తిండి లేదు. ఇప్పుడు బయటికి పోలేకపోతున్నాయి."

అత్తగారు ముందు అడిగింది పిల్ల సంగతే. "చంటిది పాలు తాగుతోందా?"

"తాగుతోంది. తల్లికే ఏం లేదు."

"అయితే ముందు తల్లి పోతుంది," అంది ఆవిడ. ఓదార్చడం ఆవిడకి చాతకాదు. కంచం మళ్లీ కోడలి ముందుకి జరిపి, పక్కనే కూర్చుంది.

మర్నాడు ఆపమ్మ నిచ్చెన దిగి తనే మేస్త్రీ దగ్గరికి వెళ్లింది. ఆమె అలా దిగి రావడం ఎప్పుడూ లేదు. ఆయన స్తంభం మీద సుద్దతో గుర్తు పెడుతున్నాడు.

"ఆ రోజు సాయంత్రం దాకా లేవు మేస్త్రీ గారూ. అబద్ధం చెప్పాను."

"తెలుసు."

"తెలిసీ ఊరుకున్నారా?"

"నాకూ కళ్లున్నాయి కదమ్మా. ఒక్కరోజే కదా, పోనీలే అనుకున్నా." సుద్దముక్క జేబులో వేసుకున్నాడు. "ఇప్పుడేం చెయ్యమంటావు?"

"ఇప్పుడు నిజంగా కావాలి. ఒక్కరోజు. చేప దూరమైపోతోంది, ఇంకొన్నాళ్లయితే వెళ్లినా అందుకోలేవు. అవి గీత బయటే ఉన్నాయి, నేను ఒప్పుకుంటాను. కానీ వాటికి దారి మన కిందనుంచే."

మేస్త్రీ తల గోక్కున్నాడు. తర్వాత ఫోను తీసి పైఆఫీసరుకి కలిపి ఆమెకే ఇచ్చాడు. ఆఫీసరు విసుక్కోలేదు. మర్యాదగా, ఓపిగ్గా మొత్తం విన్నాడు. అదే ఆమెకి ఇంకా కష్టంగా అనిపించింది.

"మీ బాధ అర్థమైందమ్మా. ఇప్పుడు అవి గీత లోపల ఉన్నాయా?"

"లేవు సార్. గీత అవతల ఆగిపోయి..."

"మరి మనవల్ల వాటికి ఇబ్బంది లేనట్టే కదా. నియమం పెట్టిందే వాటికోసం. లోపలికి వస్తే తప్పకుండా ఆపుదాం. అందుకే కదా మిమ్మల్ని అక్కడ కూర్చోబెట్టాం."

ఇంకా ఏదో చెప్పబోయింది. ఏం చెప్పాలన్నా ఆ గీత దగ్గరికే వచ్చి ఆగుతోంది. "సరే సార్," అని ఫోను మేస్త్రీకి ఇచ్చేసింది. ఆయన దాన్ని చొక్కాకి తుడుచుకుని జేబులో పెట్టుకున్నాడు.

"నేనొక పని చెయ్యగలను," అన్నాడు. "రేపు కొత్త స్తంభం మొదలు. సుత్తి సరిచూసుకోవాలని కొంతసేపు జాప్యం చేస్తా. పొద్దున పూట. అంతకంటే లాగితే నా మెడకి చుట్టుకుంటుంది."

ఆ రాత్రి ఆమె సరిగా నిద్రపోలేదు. పొద్దున లాంచీ దిగి నేరుగా కప్పెక్కింది. మేస్త్రీ మాట నిలబెట్టుకున్నాడు. కింద మనుషులు సుత్తి చుట్టూ చేరి, బిగించిన బోల్టులే మళ్లీ విప్పి బిగిస్తున్నారు. నీళ్లు అద్దంలా ఉన్నాయి. గాలి లేదు.

లోపలి వైపు, గీత అవతల, మంద ఉంది. ఈదడం లేదు. వీపులు నీళ్లకి సమంగా పెట్టి, పక్కపక్కనే, కదలకుండా తేలుతున్నాయి. అప్పుడప్పుడూ ఒకటి ఊపిరి వదులుతోంది. తల్లి ఈ చివరన ఉంది. సొట్ట ఉత్త కళ్లకే కనిపిస్తుందేమో అన్నంతగా ఉంది. చిన్నది దాని పక్కకి ఒరిగి ఉంది.

దారి ఖాళీగా ఉంది. చప్పుడు లేదు. ఇంతకంటే ఏం కావాలి. రండి, అనుకుంది. ఈ ఉద్యోగంలో చేరిన నాటి నుంచి అవి ఈ సుత్తికి దూరంగా ఉండాలని కోరుకున్న మనిషి, ఇప్పుడు దీని కిందికే రమ్మని బతిమాలుతోంది. ఒక్క రెక్క, ఒక్కటంటే ఒక్కటి ఈ ఎర్ర పీపాలు దాటితే చాలు, కెమెరాలో పడితే చాలు, ఆపమని అరుస్తుంది. ముసలిది ఒకసారి కదిలింది. ఆపమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. అది పీపాల వరస వెంట ఈ కొస నుంచి ఆ కొస దాకా ఈది, తిరిగి తన చోటికి వచ్చి ఆగింది. ఆ నిశ్శబ్దాన్ని అది నమ్మలేదు. అంతకుముందు ఎన్నిసార్లు నమ్మి ఉంటుందో.

కింద బోల్టులు బిగించడం అయిపోయింది. మనుషులు మేస్త్రీ వైపు చూస్తున్నారు. ఆయన నిచ్చెనెక్కి పైకి వచ్చాడు. ఈసారి చేతుల్లో టీ లేదు. ఆమె బైనాక్యులర్ తీసి ఇచ్చింది. ఆయన సర్దుకుని చాలాసేపు చూశాడు.

"ఆ చివరది తల్లా?"

"తల్లి."

"కదలవేం?"

"ఓపిక లేదేమో. భయమేమో."

"గీతకి ఎంతో లేవు," అన్నాడు. "రాయి విసిరితే పడేంత."

"అవును."

ఆయన సిగరెట్టు వెలిగించుకున్నాడు. కప్పు మీద సిగరెట్టు కాల్చకూడదని నియమం, దాన్ని రోజూ అందరికీ చెప్పేది ఆయనే. నెమ్మదిగా, చివరిదాకా కాల్చాడు. కాలుస్తున్నంతసేపూ ఇద్దరూ అటే చూశారు. కింద ఎవరో దగ్గారు. క్రేన్ ఆపరేటరు గూట్లోంచి తొంగిచూసి మళ్లీ లోపలికి పోయాడు. మేస్త్రీ సిగరెట్టు పీకని బూటుకేసి నలిపి, పారెయ్యకుండా చేతిలోనే పట్టుకున్నాడు.

"ఇంక చెప్పమ్మా," అన్నాడు.

ఆమె బైనాక్యులర్ తిరిగి తీసుకుంది. నియమం ప్రకారం ముందు ఎడమ నుంచి కుడికి ఉత్త కళ్లతో చూసింది. తర్వాత చాలు వెంట చాలు, పీపా వెంట పీపా, తొందరపడకుండా. గీత లోపల నీళ్లు నీళ్లే. గీత అవతల చిన్నది తల్లి పొట్ట కిందికి దూరి, పైకొచ్చి, మళ్లీ దూరింది.

"లేవు," అంది ఆపమ్మ, వాటినే చూస్తూ.